కాగితం ఎవరి సొత్తు?

క్రిందటి సమావేశంలో కాఫీల వేళ ఒక సోదరి మా ముందు ఒక ప్రశ్న పెట్టారు. "మామగారు పోయారు. ఆయన రాసిన ఉత్తరాలు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు, డైరీలు మూడు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. పిల్లలకు తెలుగు చదవడం రాదు. మేము చిన్న ఇంటికి మారుతున్నాము. ఇవన్నీ ఏం చేయమంటారు?" అక్కడ డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు. జవాబు చెప్పగలిగినవారు మాత్రం లేరు. ఒకరు "ఫొటోలు తీసి పారేయండి" అన్నారు. అది జవాబు కాదని అన్నవారికీ తెలుసు.

ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని మేము ఇంటికి వచ్చాము. ఈ అమెరికాకు మనకంటే ముందు వలస వచ్చినవాళ్ళు, కాగితం కోసం కోర్టుకు కూడా ఎక్కినవాళ్ళు ఈ విషయంలో ఏం చేశారో చూద్దామనిపించింది. ఆ విధంగా ఇద్దరు యూదు రబ్బీల కుటుంబ పత్రాల కథ తెలుసుకొన్నాము. ఆ భద్రపరచిన తీరులో మాకు మంచిగా తోచినదేమిటో, లోపంగా తోచినదేమిటో ఇక్కడ చెప్పదలచాము.

రబ్బీ అంటే పూజారి అని మనలో చాలామంది అనుకొంటారు. నిజానికి ఆయన ధర్మశాస్త్రం చదివిన పండితుడు. పాఠం చెప్తాడు, తగవులు తీరుస్తాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తూర్పు యూరప్‌లో హసీదీ అనే భక్తిమార్గం పుట్టిన తరువాత కొన్ని కుటుంబాలలో గురుపీఠం వంశపారంపర్యమయింది. తండ్రి తరువాత కొడుకు, కొడుకు లేకపోతే అల్లుడు. ఆ గురువును రెబ్బే అంటారు. అటువంటి ఇంట్లో తాతగారు రాసిన ఉత్తరం ఇంటివారికి ఉత్తరమే, శిష్యులకు మాత్రం శాస్త్రం. ఇంటి విషయం ఎక్కడ ఆగిందో, మతం ఎక్కడ మొదలయిందో గీత గీయడం ఎవరి తరమూ కాదు. చిక్కుముడి అక్కడే పడింది.

1940 మార్చిలో, పోలండ్ మీద జర్మనీ దండెత్తిన ఆరు నెలలకు, అటువంటి ఇళ్ళకు చెందిన ఇద్దరు న్యూయార్కులో ఓడ దిగారు. ఒకరు యోసెఫ్ యిత్స్‌హాక్ ష్నీర్సన్, లుబావిచ్ పీఠానికి ఆరవ రెబ్బే. అరవై ఏళ్ళకు దగ్గరపడినవారు, ఆరోగ్యం చెడినవారు. రెండోవారు ఏబ్రహాం జాషువా హెషెల్. 1907లో వార్సాలో పుట్టారు. ఆప్ట్ రెబ్బే వంశీకులు, ఆ తాతగారి పేరే పెట్టుకొన్నారు. బెర్లిన్‌లో డాక్టరేటు చేశారు. 1938 అక్టోబరులో నాజీలు పోలిష్ యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఈయనా వార్సా చేరారు. యుద్ధానికి కొద్ది వారాల ముందు లండన్ వెళ్ళగలిగారు. సిన్సినాటిలోని యూదు కళాశాలవారు ఇప్పించిన వీసా మీద ఇక్కడకు వచ్చారు. ఆయన తల్లి, ముగ్గురు అక్కలు పోలండ్, ఆస్ట్రియాల వైపే మిగిలిపోయి ప్రాణాలు కోల్పోయారు.

ఇద్దరూ వచ్చిన నెల ఒకటే, వదిలివచ్చిన నగరం ఒకటే. వారి కాగితాలు మాత్రం చెరో దారి పట్టాయి.

ఆ దారుల సంగతి చెప్పేముందు యూదుల ఆచారమొకటి చెప్పాలి. దేవుని పేరున్న కాగితాన్ని వారు చెత్తలో వేయరు, తగలబెట్టరు. చిరిగి పాతబడితే ప్రార్థనాలయంలో ఒక గదిలో దాచి, తరువాత మనిషిని పూడ్చినట్టు భూమిలో పూడ్చిపెడతారు. ఆ గదిని గెనీజా అంటారు. కైరో దగ్గర ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో మాత్రం పూడ్చడం మాట మరచి వందల ఏళ్ళు అలా వేస్తూనే పోయారు. హీబ్రూ లిపిలో ఉన్న ప్రతి ముక్కనూ వేశారు. పెళ్ళి ఒప్పందాలు, చాకలిపద్దుల వంటి లెక్కలు, అప్పు పత్రాలు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు, అలిగిన భార్యకు దూరదేశం నుంచి భర్త రాసిన ఉత్తరాలు. 1896-97లో సొలొమన్ షెక్టర్ అనే పండితుడు అక్కడికి వెళ్ళి సుమారు 1,93,000 ముక్కలను కేంబ్రిడ్జికి తెచ్చారు. ఈయన రుమేనియాలో ఒక హసీదీ ఇంట పుట్టి, ఇంగ్లండుకు, 1902లో న్యూయార్కుకు వలస వచ్చినవారే. ఆయన పెంచి పెద్దచేసిన న్యూయార్కు యూదు విద్యాపీఠంలోనే తరువాత హెషెల్ పాఠాలు చెప్పారు.

ఆ గెనీజా ముక్కల్లో మన దేశం కూడా ఉంది. పన్నెండో శతాబ్దంలో అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడు మంగళూరులో ఏళ్ళ తరబడి ఉండి వ్యాపారం చేశాడు. మిరియాల సంగతి, కంచు సామానుల సంగతి, ఓడల సంగతి ఆయనకు వచ్చిన ఉత్తరాల వల్లనే నేడు మనకు తెలుసు. ఆ ఉత్తరాలను చదివి చరిత్ర కట్టినవారు ఎస్. డి. గొయ్‌టైన్. ఆయన కూడా జర్మనీలో ఒక రబ్బీ ఇంట పుట్టి వలసపోయినవారే. పనికిరావని గదిలో పడేసిన కాగితాల నుంచి ఆయన మధ్యధరా సమాజం గురించి ఐదు పెద్ద సంపుటాలు రాశారు.

మా మొదటి పరిశీలన ఇది. గెనీజా గొప్పదనం అందులో పెట్టిన కాగితాల గొప్పదనం కాదు. అక్కడ ఎవరూ ఏరలేదు. "ఇది ముఖ్యం, అది కాదు" అని తీర్పు చెప్పేవాడు లేడు. దేవుని పేరు మీద చాకలిపద్దు కూడా బ్రతికింది. ఈనాడు కుటుంబాలు, గ్రంథాలయాలు భద్రపరిచేటప్పుడు జరిగేదల్లా ఏరడమే. ఏరేచోట అభిమానం, సిగ్గు, భయం మూడూ పనిచేస్తాయి.

ఇక ష్నీర్సన్‌గారి కథ. ఆయన తండ్రి 1915లో యుద్ధానికి భయపడి తమ గ్రంథాలయాన్ని మాస్కోలో ఒక గిడ్డంగికి పంపారు. విప్లవం తరువాత సోవియట్ ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకొంది. కొడుకు 1927లో రష్యా విడిచి లాత్వియాకు, అక్కడినుంచి పోలండుకు వెళ్ళి మళ్ళీ పుస్తకాలు కూడబెట్టారు. 1940లో అమెరికాకు వచ్చేనాటికి అవీ వెనక ఉండిపోయాయి. కొంత భాగం తరువాత న్యూయార్కు చేరింది. పీఠానికి చెందిన చేతిరాత పత్రాలు మాత్రం జర్మనుల చేతిలో పడి, వారినుంచి ఎర్రసైన్యం చేతిలో పడి మాస్కో చేరాయి.

1950లో రెబ్బే పోయారు. రెండవ అల్లుడు ఏడవ రెబ్బే అయ్యారు. బ్రూక్లిన్‌లో ఈస్టర్న్ పార్క్‌వే 770 నంబరు ఇంట్లో గ్రంథాలయం అలాగే ఉంది. 1985 ప్రాంతాల్లో అందులోంచి నాలుగు వందల దాకా పుస్తకాలు పోయినట్టు తెలిసింది. తీసినది దొంగ కాదు, ఆరవ రెబ్బేకు మనుమడు, పెద్ద కుమార్తె కొడుకు. కొన్నింటిని అమ్మారు కూడా. తాతగారి ఆస్తిలో తల్లికి వాటా ఉందని ఆయన వాదన. ఇవి తాతగారివి కావు, సమాజానివి అని శిష్యుల సంఘం వాదన. అక్క ఒకవైపు, చెల్లెలు ఒకవైపు నిలిచారు.

కేసును మలుపు తిప్పింది ఒక ఉత్తరం. 1946లో ఆరవ రెబ్బే న్యూయార్కు విద్యాపీఠపు గ్రంథాలయాధికారి అలెగ్జాండర్ మార్క్స్‌కు ఉత్తరం రాశారు. పోలండులో మిగిలిన పుస్తకాలను తెప్పించడానికి అమెరికా ప్రభుత్వం సాయపడేట్టు చూడమని కోరుతూ, అవి తన సొంతం కావని, శిష్యుల సంఘానివని స్పష్టంగా చెప్పారు. ప్రభుత్వం కదలాలని అలా రాశారే తప్ప నిజంగా ఆ ఉద్దేశం లేదని మనుమడి తరఫువారు అన్నారు. న్యాయమూర్తి నమ్మలేదు. అంతటి ధర్మగురువు అవసరం కోసం అబద్ధం రాస్తాడని అనుకోవడానికి ఆధారం లేదన్నారు. రెండవ కుమార్తె, అంటే ఏడవ రెబ్బే భార్య, తన సాక్ష్యంలో తండ్రిగారూ పుస్తకాలూ కూడా శిష్యులవారివే అన్న అర్థం వచ్చేట్టు చెప్పారు. 1987 జనవరి 6న తీర్పు సంఘం పక్షాన వచ్చింది. అదే ఏడాది నవంబరులో పైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఈనాటికీ వారు ఆ రోజును పండుగగా జరుపుకొంటారు, పుస్తకాలు కొంటారు.

తీర్పు సరైనదనే మా అభిప్రాయం. ఒక పీఠం శిష్యుల కానుకల మీద, శిష్యుల కోసం కూడబెట్టిన పుస్తకాలు అమ్మకానికి పోతే మళ్ళీ ఒకచోట చేరవు. అయినా మాకు ఒక సందేహం మిగిలింది. "మా నాన్న కూడా మీవారే" అని ఒక కూతురు కోర్టులో చెప్పవలసి వచ్చిందంటే అది విజయమేనా? పుస్తకాల సంగతి వేరు. కూతురికి తండ్రి రాసిన ఉత్తరం ఎవరిది? మనుమడు పద్ధతి తప్పాడు, నిజమే. కానీ గురువు ఇంట పుట్టిన బిడ్డకు తాతగారి గుర్తుగా ఏమి మిగలాలి అన్న ప్రశ్న తప్పు కాదు. దానికి కోర్టు జవాబు చెప్పలేదు. చెప్పడం దాని పని కూడా కాదు. పెద్దాయన బ్రతికుండగా ఒక్క కాగితం మీద ఇది సంఘానిది, ఇది ఇంటిది అని విడదీసి రాసి ఉంటే అక్కచెల్లెళ్ళు కోర్టులో ఎదురుబొదురుగా నిలబడేవారు కారు.

మాస్కోలో మిగిలినవాటి కథ ఇంకా ముగియలేదు. 12,000 దాకా పుస్తకాలు, 25,000 పుటల చేతిరాత పత్రాలు తిరిగి ఇవ్వమని అమెరికా న్యాయస్థానం 2010లో రష్యాను ఆదేశించింది. 2013లో రోజుకు 50,000 డాలర్ల జరిమానా కూడా వేసింది. రష్యా ఒప్పుకోలేదు. అదే సంవత్సరం కొన్ని పుస్తకాలను మాస్కోలోని యూదు మ్యూజియానికి మార్చింది, అంతే. 1915లో గిడ్డంగిలో పెట్టినప్పుడు కొన్నాళ్ళకే తెచ్చుకొందామనుకొన్నారు. దేశంలో ఎవరింట్లోనో పెట్టె దాచి "వచ్చే ఏడు వచ్చి తీసుకొంటాము" అని చెప్పి విమానమెక్కిన మనకు ఆ మాట బాగా తెలుసు.

హెషెల్‌గారి కాగితాలు వేరే దారిన నడిచాయి. సిన్సినాటిలో ఐదేళ్ళు, తరువాత 1945 నుంచి న్యూయార్కులో ఆయన బోధించారు. ప్రవక్తల మీద ఆయన పుస్తకం 1962లో ఇంగ్లీషులో వచ్చింది. 1965 మార్చిలో సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచారు. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించారు. 1972 డిసెంబరులో పోయారు. ఆ తరువాత నలభై ఏళ్ళు కాగితాలు కుటుంబం చేతిలోనే ఉన్నాయి. 2012లో ఉత్తర కరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాటిని తీసుకొంది. మెథడిస్టు క్రైస్తవుల చలవతో పెరిగిన విశ్వవిద్యాలయంలో ఒక హసీదీ వంశీకుడి కాగితాలు చేరడం కొందరికి వింతగా తోచవచ్చు. మాకు తోచలేదు. కాగితాన్ని చల్లగా, పొడిగా ఉంచి, వచ్చినవారికల్లా చూపించేవాడే దానికి తగిన ఇంటివాడు. మతం తరువాత సంగతి.

ఈ సేకరణలో మాకు అన్నిటికంటే నచ్చినది ఒకటుంది. కింగ్, టామస్ మెర్టన్, రైన్‌హోల్డ్ నీబుర్ వంటి పెద్దలతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలున్నాయి. వాటితోపాటు ఆయనను తిడుతూ వచ్చిన ఉత్తరాలు కూడా ఉన్నాయి. నల్లవారి హక్కుల కోసం నడిచినందుకు, యుద్ధం వద్దన్నందుకు జనం కోపంగా రాసినవి. వాటిని ఆయన చింపలేదు, ఆయన పోయాక కుటుంబమూ చింపలేదు. ఇది చిన్న విషయం కాదు. మన ఇళ్ళల్లో తిట్టు ఉత్తరం ముందుగా పొయ్యిలోకి పోతుంది, సన్మాన పత్రం అద్దంలోకి పోతుంది. అద్దంలో ఉన్నది చదివి మన మనుమలు మన గురించి ఏం తెలుసుకొంటారు? ఎదిరించినవారి మాట కూడా ఉన్నప్పుడే మనిషి ఎంత ధైర్యం చేశాడో తెలుస్తుంది.

లోపం కూడా చెప్పాలి. ఇటువంటి సేకరణలన్నీ ఒక మగవాడి పేరు మీద ఏర్పడతాయి. ఇదీ అంతే. లోకానికి చెప్పేటప్పుడు పెద్దల పేర్లే ముందుకు వచ్చాయి. హెషెల్ భార్య సిల్వియా స్ట్రాస్ పియానో విద్వాంసురాలు. 1946లో పెళ్ళాడి, ఆయన పోయిన తరువాత ముప్ఫై నాలుగేళ్ళు బ్రతికారు. కుమార్తె సుసానా స్వయంగా పేరున్న పండితురాలు. తండ్రి వ్యాసాలను ఏర్చికూర్చి 1996లో పుస్తకంగా తెచ్చారు. కాగితాలు ఊరికే నలభై ఏళ్ళు నిలవవు. ఎవరో పెట్టెలు కట్టాలి, ఇల్లు మారినప్పుడు మోయాలి, చెదలు పట్టకుండా చూడాలి, అడిగినవారికి లేదనకుండా చెప్పాలి. రబ్బీల వంశవృక్షాలలో కొడుకుల పేర్లు వరసగా ఉంటాయి. కాగితాల వెనక చూస్తే ఆడవారి చేతులు కనిపిస్తాయి. అట్టపెట్టె మీద మాత్రం వారి పేరు ఉండదు. మరొక లోపం ఆలస్యం. హెషెల్ జీవితచరిత్ర రెండు పెద్ద సంపుటాలు 1998లో, 2007లో వచ్చాయి. ఈ కాగితాలు అందరికీ అందేచోటికి చేరింది ఆ తరువాత. నలభై ఏళ్ళలో ఆయనను ఎరిగినవారిలో ఎందరు పోయి ఉంటారు! కాగితంలో "మన స్నేహితుడు" అని ఉంటే ఆ స్నేహితుడెవరో చెప్పే మనిషి ఉన్నప్పుడే అడగాలి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న భాషది. హెషెల్ కాగితాలు యిడ్డిష్, హీబ్రూ, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో ఉన్నాయి. 1933లో ఆయన అచ్చువేసిన కవితలు యిడ్డిష్‌లోవే. ఇంట్లో మాట్లాడుకొనే ఆ భాష అమెరికాలో ఎక్కువ ఇళ్ళలో రెండు తరాలలో చదవరాని లిపి అయిపోయింది. తాత చనిపోతే మనుమలు పుస్తకాలను వీధిలోకి వేసేవారు. 1980లో ఆరన్ లాన్‌స్కీ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు వాటిని ఏరడం మొదలుపెట్టాడు. లోకమంతా వెతికినా 70,000 పుస్తకాలకు మించి దొరకవని పండితులు అంచనా వేశారు. పది లక్షలకు పైగా దొరికాయి. ముసలివాళ్ళు పుస్తకాలను ఊరికే ఇచ్చేయలేదట. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫలహారం పెట్టి, ఒక్కొక్క పుస్తకం చేతికిస్తూ దాని కథ చెప్పేవారు. మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్‌ట్‌లో ఆయన పెట్టిన కేంద్రం పుస్తకాలు దాచడంతో ఆగలేదు. యిడ్డిష్ నేర్పుతుంది, అనువాదకులను తయారుచేస్తుంది. దాచడంకంటే ఈ పని కష్టం, ఇదే అసలు పని. చదివేవాడు లేని కాగితం ఎంత చల్లని గదిలో ఉన్నా గెనీజాలో ఉన్నట్టే.

ఇక మన సంగతి. కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకొనే జాతి మనది. ఆ వెంటనే దాన్ని తూకానికి వేసే జాతి కూడా మనదే. మాలో ఒకరి తండ్రిగారు బడిపంతులు. ముప్ఫై ఏళ్ళ డైరీలు రాశారు. ఆయన పోయినప్పుడు పది రోజుల సెలవు మీద తెనాలి వెళ్ళి, పన్నెండో రోజు భోజనాలయ్యాక ట్రంకుపెట్టె తెరిచి, సెలవు అయిపోతోందన్న తొందరలో పాత కాగితాలవాడిని పిలిచి వేసేశాము. అందులో ఏముందో ఈనాటికీ తెలియదు. తప్పు కాలానిది కాదు, మాదే. మేమెవరికీ నీతులు చెప్పే స్థితిలో లేమని ఒప్పుకొని ఈ మాటలు రాస్తున్నాము.

సంఘం సంగతి అంతకన్నా మెరుగేమీ కాదు. కార్యవర్గం మారినప్పుడల్లా మన దస్త్రాలు ఒకరి గరాజు నుంచి ఇంకొకరి గరాజుకు మారుతున్నాయి. ఈ పత్రిక తొలి సంచికలు వరసగా ఎవరి దగ్గరా లేవు. అవి మాజీ కార్యదర్శులవా, సంఘానివా? ష్నీర్సన్ ఇంట్లో వచ్చిన తగవు మన ఇంటికి రాదని ఎందుకనుకోవాలి? వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఒక్క తీర్మానమైనా చేయమని మా మనవి. సంఘం కాగితాలు సంఘానివి. అవి ఎక్కడుండాలో, ఎవరు చూడవచ్చో రాసిపెట్టుకోవాలి.

ప్రశ్న అడిగిన సోదరికి మా జవాబు ఇది. అమ్మా, పారేయకండి. ఏరకండి కూడా. మామగారి మంచి ఉత్తరాలతోపాటు డబ్బు అడిగినవి, దెబ్బలాడినవి కూడా ఉండనివ్వండి. బ్రతికున్నవారికి నొప్పి కలిగించేవి ఉంటే కవరులో పెట్టి ఫలానా సంవత్సరం దాకా తెరవవద్దని పైన రాయండి. ఫొటోల వెనక పేర్లు పెన్సిలుతో రాయండి. మీ అత్తగారు ఇంకా ఉన్నారు కనుక ఈ ఆదివారమే ఆవిడ దగ్గర కూర్చోండి. ఒక ఉత్తరం తీసి ఆవిడచేత పైకి చదివించండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టండి, ఆ గొంతు రికార్డు చేయండి. మధ్యలో ఆవిడ ఆగి "ఈ వెంకటప్పయ్య ఎవరనుకొన్నారు" అని మొదలుపెడితే ఉత్తరం పక్కన పెట్టి అది వినండి. పెట్టె మీద మామగారి పేరుతోపాటు ఆవిడ పేరు కూడా రాయండి.

మూడు పెట్టెలకు చిన్న ఇంట్లో చోటు లేకపోతే మాకు చెప్పండి. మాలో ఎవరి ఇంట్లోనైనా ఒక అలమారా ఖాళీ చేస్తాము. అవి మీవేనని, అడిగిననాడు తిరిగి ఇవ్వవలసినవని ముందుగా ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి మీకు ఇస్తాము.